గ్రూపు అమరికతో నెట్‌వర్క్ లాగిన్‌ల నిలుపుదల : పద్ధతి, జాగ్రత్తలపై వివరణ

కడప : ప్రభుత్వ కార్యాలయంలో ఒక ఉద్యోగి బదిలీ అయినప్పుడు లేదా పదవీ విరమణ చేసినప్పుడు రిలీవింగ్ ఉత్తర్వు, ఛార్జి అప్పగింత పత్రం దస్త్రంలో చేరుతాయి. బీరువా తాళాలు, రబ్బరు స్టాంపులు, రిజిస్టర్లు సంతకం తీసుకుని తరువాతి వారికి అప్పగించబడతాయి. అయితే ఆ ఉద్యోగి కార్యాలయ నెట్‌వర్క్‌లో ప్రవేశించడానికి వాడిన పేరు, పాస్‌వర్డు ఆ అప్పగింత జాబితాలో లేనట్లయితే, ఆయన వెళ్ళిపోయిన తరువాత కూడా అవి పనిచేస్తూనే ఉంటాయి. అటువంటి లాగిన్ తిరిగి తీసుకోకుండా వదిలివేసిన తాళం చెవి వంటిది. దానిని ఎవరు, ఎప్పుడు, ఎక్కడి నుండి వాడినా తలుపు తెరుచుకుంటుంది.

వినియోగదారు ఖాతాను తొలగించకుండా, ఒక్క నమోదుతో ప్రవేశాన్ని నిలిపివేసి, అవసరమైనప్పుడు అంతే సులభంగా పునరుద్ధరించడానికి నెట్‌వర్క్ ధ్రువీకరణ డేటాబేస్‌లోని గ్రూపు అమరిక ఉపయోగపడుతుంది. ఈ పద్ధతి పనిచేసే తీరు, అది విఫలమయ్యే సందర్భాలు, అధికారులు పాటించవలసిన క్రమం, పాత్రికేయులు గమనించవలసిన అంశాలు ఈ క్రింద వివరించడమైనది. సౌలభ్యం కోసం కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాలను ఉదాహరణగా తీసుకోవడం జరిగింది. ఇందులోని గ్రూపుల పేర్లు, ఖాతాల సంఖ్యలు విషయం బోధపడడానికి ఊహించి వ్రాసినవే గాని ఏ కార్యాలయపు వాస్తవ అమరికలు కావు.

వాడుకలో లేని లాగిన్ వల్ల ముప్పు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో తూర్పు తీరానికి ఇంధనం సరఫరా చేసే కలోనియల్ పైప్‌లైన్ సంస్థ కంప్యూటర్లపై 2021 మే నెలలో దాడి జరిగింది. దుండగులు లోపలికి ప్రవేశించిన మార్గం, వాడుకలో లేకపోయినా మూసివేయకుండా మిగిలిపోయిన ఒక వి.పి.ఎన్. ఖాతా. దానికి పాస్‌వర్డు ఒక్కటే రక్షణగా ఉండినది. ఫలితంగా పైప్‌లైన్ ద్వారా ఇంధన సరఫరా కొన్ని రోజులపాటు నిలిచిపోయి పెట్రోలు బంకుల వద్ద జనం బారులు తీరవలసి వచ్చింది.

ప్రభుత్వ కార్యాలయాలకు మరింత దగ్గరగా ఉండే ఉదంతం 2024 ఫిబ్రవరిలో వెల్లడయింది. అమెరికాలోని ఒక రాష్ట్ర ప్రభుత్వ సంస్థ నెట్‌వర్క్‌లోనికి, ఆ సంస్థను విడిచి వెళ్ళిన ఉద్యోగికి చెందిన అడ్మినిస్ట్రేటర్ ఖాతా ద్వారా ఆగంతకులు ప్రవేశించినట్లు ఆ దేశపు సైబర్ భద్రతా సంస్థ సి.ఐ.ఎస్.ఎ. తన హెచ్చరిక ప్రకటనలో తెలిపింది. ఆ ఖాతాను ఉద్యోగి వెళ్ళిన వెంటనే నిలిపివేసి ఉన్నట్లయితే ఆ ద్వారం మూసుకుని ఉండేది.

మన రాష్ట్రంలో పౌరసేవలు నెట్‌వర్క్‌పై ఆధారపడడం ఏటికేడు పెరుగుతూ వచ్చింది. రాష్ట్రాలలో వైడ్ ఏరియా నెట్‌వర్క్‌ల ఏర్పాటు పథకానికి కేంద్ర ప్రభుత్వం 2005 మార్చిలో ఆమోదం తెలిపింది. 2011 నవంబరు 4న చిత్తూరు జిల్లాలో మీసేవ ప్రారంభమయింది. 2017 డిసెంబరు 27న ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్ ప్రాజెక్టును అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాల వ్యవస్థ అమలులోనికి వచ్చింది. ధ్రువపత్రం జారీ చేయవలసిన ఉద్యోగికి లాగిన్ ఉండడం ఎంత అవసరమో, ఆ బాధ్యత నుండి తప్పుకున్న వారికి అది లేకుండా చేయడం కూడా అంతే అవసరం.

ఈ విషయంలో చట్టం కూడా స్పష్టంగా ఉన్నది. అనుమతి లేకుండా కంప్యూటర్ లేదా నెట్‌వర్క్‌లో ప్రవేశించడం సమాచార సాంకేతిక చట్టం, 2000 లోని 43వ సెక్షన్ పరిధిలోనికి వస్తుంది. మోసపూరితంగా గాని దురుద్దేశంతో గాని ఆ పని చేసినట్లయితే 66వ సెక్షన్ క్రింద శిక్షార్హమవుతుంది. ఇతరుల పాస్‌వర్డును మోసపూరితంగా వాడినందుకు 66సి సెక్షన్ క్రింద 3 సంవత్సరాల వరకు జైలు శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. అయితే చట్టం నేరం జరిగిన తరువాత పనిచేస్తుంది. నేరానికి అవకాశం లేకుండా చేయవలసిన బాధ్యత మాత్రం కార్యాలయానిదే.

ధ్రువీకరణ జరిగే విధానం

ఎవరైనా నెట్‌వర్క్‌లో ప్రవేశించడానికి పేరు, పాస్‌వర్డు ఇచ్చినప్పుడు ఆ వివరాలను మొదట స్వీకరించేది రూటర్, వైఫై పరికరం లేదా వి.పి.ఎన్. పరికరం. ఇది కార్యాలయ గేటు వద్ద నిలిచిన కావలి మనిషి వంటిది. వచ్చిన వ్యక్తిని లోపలికి పంపవచ్చునా, కూడదా అనేది కావలి మనిషి స్వయంగా నిర్ణయించడు. లోపల రిజిస్టరు ఉంచుకున్న సెక్షన్‌ను అడుగుతాడు. అదే విధంగా నెట్‌వర్క్ పరికరం ధ్రువీకరణ సర్వర్‌ను అడుగుతుంది. సర్వర్ తన డేటాబేస్‌ను పరిశీలించి ‘అనుమతి’ లేదా ‘తిరస్కరణ’ అని సమాధానం పంపుతుంది.

ఈ ప్రశ్నోత్తరాలకు ప్రపంచవ్యాప్తంగా విరివిగా వాడబడుతున్న నియమావళి పేరు రేడియస్. టెలిఫోన్ లైను ద్వారా మోడెమ్‌తో కంప్యూటర్లను అనుసంధానించిన కాలంలో, 1991లో అమెరికాకు చెందిన లివింగ్‌స్టన్ ఎంటర్‌ప్రైజెస్ సంస్థ దీనిని రూపొందించింది. ఇంటర్నెట్ ప్రమాణ పత్రాలలో 2000 జూన్‌లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 2865 దీని ధ్రువీకరణ భాగాన్ని, ఆర్.ఎఫ్.సి. 2866 వినియోగ లెక్కల భాగాన్ని నిర్వచిస్తున్నాయి. ధ్రువీకరణకు 1812, లెక్కలకు 1813 సంఖ్య గల పోర్టులు కేటాయించబడ్డాయి. మోడెమ్‌ల కాలం గడిచిపోయినా, బ్రాడ్‌బ్యాండ్ సంస్థలు, విశ్వవిద్యాలయాల వైఫై వ్యవస్థలు, కార్యాలయాల వి.పి.ఎన్.లు నేటికీ ఇదే నియమావళిపై నడుస్తున్నాయి.

రేడియస్ సర్వర్లలో ఉచితంగా లభించే ఫ్రీరేడియస్ ప్రసిద్ధమైనది. 1999లో ప్రారంభమైన ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడుకోవచ్చును, పరిశీలించవచ్చును, మార్చుకోవచ్చును. వినియోగదారుల వివరాలను ఇది మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వంటి డేటాబేస్‌లలో ఉంచగలదు. గ్రూపు ద్వారా నిలుపుదల చేసే పద్ధతిని ఈ సర్వర్ ఆధారంగానే ఇక్కడ వివరించడం జరుగుతున్నది.

డేటాబేస్‌లోని పట్టికలు

ఫ్రీరేడియస్ డేటాబేస్‌లో ప్రధానంగా గమనించవలసిన పట్టికలు ఇవి:

1. రాడ్‌చెక్ : ఒక్కొక్క వినియోగదారు పేరు, పాస్‌వర్డు, వ్యక్తిగత నిబంధనలు ఇందులో ఉంటాయి.

2. రాడ్‌యూజర్‌గ్రూప్ : ఏ వినియోగదారు ఏ గ్రూపులో ఉన్నారో, ఆ గ్రూపుకు గల ప్రాధాన్య సంఖ్య ఎంతో ఇందులో నమోదవుతుంది.

3. రాడ్‌గ్రూప్‌చెక్ : గ్రూపు మొత్తానికి వర్తించే నిబంధనలు ఇందులో ఉంటాయి.

4. రాడ్‌గ్రూప్‌రిప్లై : గ్రూపులోని వారికి పంపవలసిన సమాధాన వివరాలు, సందేశాలు ఇందులో ఉంటాయి.

5. రాడ్‌అక్ట్ : ఎవరు ఎప్పుడు ప్రవేశించారు, ఎప్పుడు నిష్క్రమించారు, ఎంత డేటా వాడారు అనే లెక్కలు ఇందులో నమోదవుతాయి.

6. రాడ్‌పోస్ట్‌ఆథ్ : అమరిక చేసినట్లయితే, ప్రతి ప్రయత్నానికి అనుమతి లభించినదా, తిరస్కరణ జరిగినదా అనే వివరం ఇందులో చేరుతుంది.

వ్యక్తి వివరాలు ఒక పట్టికలోను, గ్రూపు నిబంధనలు మరొక పట్టికలోను ఉండడమే ఈ అమరికలోని సౌలభ్యం. కార్యాలయ భాషలో చెప్పవలసివస్తే, మొదటిది ఉద్యోగి సర్వీసు రిజిస్టరు, రెండవది అందరికీ వర్తించే సర్క్యులర్. సర్వీసు రిజిస్టరులో ఒక్క అక్షరం మార్చకుండానే ఉద్యోగిని ఒక సర్క్యులర్ పరిధిలోనికి తేవచ్చును, తప్పించవచ్చును.

3 పట్టణాల ఉదాహరణ

ఒక శాఖకు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో కార్యాలయాలు ఉండి, మూడింటికీ ఒకే ధ్రువీకరణ సర్వర్ ఉన్నదనుకుందాం. డేటాబేస్‌లో ‘ప్రొద్దుటూరు-సిబ్బంది’, ‘జమ్మలమడుగు-సిబ్బంది’, ‘పులివెందుల-సిబ్బంది’ అని 3 గ్రూపులు ఏర్పాటు చేయబడ్డాయి. వీటికి తోడు ‘నిలుపుదల’ అనే నాల్గవ గ్రూపును సృష్టించాలి. రాడ్‌గ్రూప్‌చెక్ పట్టికలో ఈ గ్రూపు పేరిట ఒకే ఒక వరుస చేర్చాలి. అందులో లక్షణం ‘ఆథ్-టైప్’, గుర్తు ‘:=’, విలువ ‘రిజెక్ట్’. ఈ వరుస ఉన్నంత కాలం ఆ గ్రూపులోనికి వచ్చిన ఎవరికైనా, వారు ఇచ్చిన పాస్‌వర్డు సరియైనదే అయినా, సర్వర్ తిరస్కరణ సమాధానమే పంపుతుంది.

రాడ్‌గ్రూప్‌రిప్లై పట్టికలో ‘రిప్లై-మెసేజ్’ లక్షణంతో ‘మీ లాగిన్ నిలుపుదల చేయబడినది, కార్యాలయ అధికారిని సంప్రదించగలరు’ వంటి సందేశాన్ని కూడా చేర్చవచ్చును. ఆ సందేశం వినియోగదారు తెరపై కనిపించడం, కనిపించకపోవడం మాత్రం వాడుతున్న పరికరంపై ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు జమ్మలమడుగు కార్యాలయంలో 14వ సంఖ్య ఖాతా గల ఉద్యోగి పదవీ విరమణ చేశారనుకుందాం. రాడ్‌యూజర్‌గ్రూప్ పట్టికలో ఆ ఖాతాను ‘నిలుపుదల’ గ్రూపులో చేర్చితే సరిపోతుంది. సర్వర్‌ను తిరిగి ప్రారంభించవలసిన అవసరం లేదు. సర్వర్ ప్రతి ప్రయత్నానికి డేటాబేస్‌ను పరిశీలిస్తుంది కనుక తరువాతి ప్రయత్నం నుండే నిలుపుదల అమలవుతుంది. ప్రతి కార్యాలయంలోను డేటాబేస్ నకలు ఉంచుకున్న ఏర్పాటులో మాత్రం, మార్పు ఆ నకలుకు చేరేవరకు పాత స్థితే కొనసాగుతుంది.

అదే ఉద్యోగి విరమణ పొందక పులివెందులకు బదిలీ అయినట్లయితే, నిలుపుదల అవసరం లేదు. ‘జమ్మలమడుగు-సిబ్బంది’ నుండి ‘పులివెందుల-సిబ్బంది’కి మార్చితే చాలును. 2022లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో పులివెందుల కొత్త రెవెన్యూ డివిజన్ కేంద్రమయింది. పరిపాలనా హద్దులు మారే అటువంటి సందర్భాలలో పెద్ద సంఖ్యలో ఖాతాలను ఒక గ్రూపు నుండి మరొక గ్రూపుకు మార్చవలసి రావచ్చును. ఎవరు ఏ గ్రూపులో ఉండాలనే జాబితాను ముందుగా సిద్ధం చేసుకొనని పక్షంలో, పాత హక్కులు, కొత్త హక్కులు రెండూ ఒకే ఖాతాలో మిగిలిపోయే ప్రమాదం ఉన్నది.

నిలుపుదల విఫలమయ్యే సందర్భాలు

డేటాబేస్‌లో నమోదు జరిగినంత మాత్రాన ద్వారం మూసుకున్నట్లు భావించరాదు. ఈ క్రింది సందర్భాలలో నిలుపుదల కాగితానికే పరిమితం కావచ్చును.

మొదటిది ప్రాధాన్య సంఖ్య. ఒక ఖాతా 2 గ్రూపులలో ఉన్నప్పుడు సర్వర్ తక్కువ సంఖ్య గల గ్రూపును ముందుగా పరిశీలిస్తుంది. ఆ గ్రూపు నిబంధనలు సరిపోయి, ‘ఫాల్-త్రూ’ అనే సూచన లేనట్లయితే, తరువాతి గ్రూపును చూడకుండానే పరిశీలన ముగిస్తుంది. పై ఉదాహరణలో ‘జమ్మలమడుగు-సిబ్బంది’కి 1, ‘నిలుపుదల’కు 2 అని సంఖ్యలు ఇచ్చినట్లయితే, సర్వర్ మొదటి గ్రూపు వద్దనే ఆగిపోయి విరమణ పొందిన ఉద్యోగిని లోపలికి అనుమతిస్తుంది. సంఖ్య ఇవ్వకుండా వదిలివేసినా ఇబ్బందియే. అప్పుడు రెండు గ్రూపులకూ ఒకే సంఖ్య నమోదై, ఏది ముందు వస్తుందో చెప్పలేని స్థితి ఏర్పడుతుంది. కనుక సాధారణ గ్రూపులకు 10, నిలుపుదల గ్రూపుకు 1 వంటి సంఖ్యలు మొదటి నుండి కేటాయించడం మేలు.

రెండవది గుర్తు. ‘:=’ అనే గుర్తుకు ఈ విలువను నిర్ణయించు అని అర్థం. ‘==’ అనే గుర్తుకు వచ్చిన విలువతో పోల్చి చూడు అని అర్థం. ఫ్రీరేడియస్‌తో వచ్చే పట్టికల నమూనాలో, గుర్తు వ్రాయకుండా వదిలివేస్తే రాడ్‌గ్రూప్‌చెక్‌లో ‘==’ దానంతట అదే నమోదవుతుంది. ఆ గుర్తుతో ఉద్దేశించిన ఫలితం లభిస్తుందని నమ్మడానికి వీలులేదు.

మూడవది పేరులో తేడా. గ్రూపు పేరు ఒక పట్టికలో ఒక విధంగా, మరొక పట్టికలో మరొక విధంగా వ్రాసినట్లయితే సర్వర్ రెండింటినీ వేర్వేరు గ్రూపులుగా పరిగణిస్తుంది. దోషం జరిగినట్లు డేటాబేస్ హెచ్చరించదు. ఉత్తర్వు అమలు జరిగినట్లే కనిపిస్తుంది, ఖాతా మాత్రం పనిచేస్తూనే ఉంటుంది.

నాల్గవది నడుస్తున్న సెషన్. రేడియస్ తిరస్కరణ ప్రవేశ సమయంలో వర్తించే నిర్ణయం. అప్పటికే లోపల ఉన్న వ్యక్తిని అది బయటకు పంపదు. ఉదయం 10 గంటలకు లాగిన్ అయిన వ్యక్తి ఖాతాను 11 గంటలకు నిలిపివేసినా, ఆ సెషన్ ముగిసేవరకు ఆయన పని కొనసాగించవచ్చును. సెషన్‌ను వెంటనే తెంచడానికి ‘డిస్‌కనెక్ట్’ సందేశాన్ని పరికరానికి విడిగా పంపవలసి ఉంటుంది. 2008లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 5176 ఈ విధానాన్ని నిర్వచిస్తున్నది. ఇందుకు 3799 పోర్టు కేటాయించబడినది. పరికరం ఆ సందేశాన్ని స్వీకరించేలా ముందుగానే అమరిక జరిగి ఉండాలి.

ఐదవది వైఫై ధ్రువీకరణ. వైఫైలో కొన్ని పద్ధతులలో వినియోగదారు అసలు పేరు బయటకు కనిపించకుండా, రహస్య సొరంగం వంటి లోపలి దశలో పంపబడుతుంది. బయటి దశలో ‘అనామకుడు’ వంటి పేరే ఉంటుంది. గ్రూపు పరిశీలన బయటి దశలోనే జరిగినట్లయితే అసలు ఖాతాపై విధించిన నిలుపుదల వర్తించదు. కనుక లోపలి దశలో కూడా డేటాబేస్ పరిశీలన జరిగేలా సర్వర్‌ను అమర్చాలి.

తిరస్కరణను తారుమారు చేసే లోపం

డేటాబేస్‌లో అన్నీ సక్రమంగా ఉన్నా సర్వర్ పంపిన సమాధానం దారిలో మారిపోయే అవకాశం గురించి 2024 జూలైలో పరిశోధకులు వెల్లడించారు. ‘బ్లాస్ట్-రేడియస్’ పేరుతో, సి.వి.ఇ.-2024-3596 సంఖ్యతో నమోదైన ఈ లోపానికి మూలం, రేడియస్ నియమావళి 1990వ దశకం నుండి వాడుతున్న ఎండీ5 అనే బలహీనమైన గణన పద్ధతి. పరికరానికి, సర్వర్‌కు నడుమ దారిలో చొరబడగలిగిన ఆగంతకుడు తిరస్కరణ సమాధానాన్ని అనుమతిగా మార్చగలడని పరిశోధకులు నిరూపించారు. వైఫైలో సాధారణంగా వాడే ఇ.ఎ.పి. పద్ధతికి ఈ దాడి వర్తించదు.

దీనికి తక్షణ నివారణ, సర్వర్, పరికరాల సాఫ్ట్‌వేర్‌లను నవీకరించి, ప్రతి సందేశంలోను ‘మెసేజ్-ఆథెంటికేటర్’ అనే ముద్ర తప్పనిసరి చేయడం. దీర్ఘకాలిక నివారణ, రేడియస్ సందేశాలను టి.ఎల్.ఎస్. రక్షణలో పంపడం. ప్రొద్దుటూరులోని పరికరం దూరంలో ఉన్న సర్వర్‌తో సంభాషించే ఏర్పాటులో, ఆ దారి సురక్షితంగా ఉండడం డేటాబేస్‌లోని నమోదు ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

తొలగింపు కంటే నిలుపుదల మేలు

ఉద్యోగి వెళ్ళిపోయిన వెంటనే ఆయన ఖాతాను పూర్తిగా తొలగించడం సులభమనిపించవచ్చును. అయితే తొలగించిన పేరును కొంతకాలం తరువాత మరొక ఉద్యోగికి కేటాయించినట్లయితే, వినియోగ లెక్కల పట్టికలో ఇద్దరి వివరాలు ఒకే పేరు క్రింద కలిసిపోతాయి. విచారణ జరిగినప్పుడు ఏ పని ఎవరు చేశారో తేల్చడం కష్టమవుతుంది. చేయని పనికి కొత్త ఉద్యోగి సంజాయిషీ ఇవ్వవలసిన పరిస్థితి కూడా ఏర్పడవచ్చును. నిలుపుదలలో ఖాతా పేరు అలాగే ఉండిపోతుంది గనుక దానిని మరొకరికి కేటాయించే అవకాశం ఉండదు.

సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగి తిరిగి విధులలో చేరినప్పుడు, దీర్ఘకాలిక సెలవు లేదా డిప్యుటేషన్ ముగిసినప్పుడు, నిలుపుదల గ్రూపులోని ఒక్క వరుసను తీసివేస్తే పూర్వ స్థితి వస్తుంది. ఔట్‌సోర్సింగ్ సిబ్బంది ఒప్పందం ముగిసి, మళ్ళీ కొనసాగింపు ఉత్తర్వు వచ్చే లోపు కాలానికి కూడా ఈ పద్ధతి అనువైనది.

భద్రతా సంఘటనల విషయంలో భారత కంప్యూటర్ అత్యవసర స్పందన బృందం సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాలు ప్రభుత్వ సంస్థలకు కూడా వర్తిస్తాయి. నిర్దేశించిన సైబర్ సంఘటనలను గుర్తించిన 6 గంటలలోగా తెలియజేయాలని, వ్యవస్థల లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలని, కంప్యూటర్ల గడియారాలను నిర్దేశిత సమయ సర్వర్లతో సరిపోల్చి ఉంచాలని ఆ ఆదేశాలలో ఉన్నది. ఎవరి ప్రయత్నం ఎన్ని గంటలకు తిరస్కరించబడినదో చెప్పగలగాలంటే 3 కార్యాలయాల పరికరాలు ఒకే సమయాన్ని చూపవలసి ఉంటుంది.

ఒక జాగ్రత్త కూడా అవసరం. ఫ్రీరేడియస్ సాధారణ అమరికలో రాడ్‌పోస్ట్‌ఆథ్ పట్టికలో పాస్‌వర్డు గడి కూడా ఉన్నది. ఆధారాల కోసం లాగ్‌లు భద్రపరచే క్రమంలో ఉద్యోగుల పాస్‌వర్డులు చదవగలిగే రూపంలో పోగుపడకుండా ఆ గడిని ఖాళీగా ఉంచేలా మార్పు చేయాలి.

అధికారులు పాటించవలసిన క్రమం

ఒక్క వరుసతో ఒక వ్యక్తిని నిలపగలిగినట్లే, ఒక్క పొరపాటుతో ఒక కార్యాలయాన్నంతటినీ నిలిపివేయవచ్చును. తిరస్కరణ నిబంధనను ‘నిలుపుదల’ గ్రూపుకు బదులు ‘జమ్మలమడుగు-సిబ్బంది’ గ్రూపుకు చేర్చినట్లయితే, ఆ కార్యాలయంలో ఒక్కరు కూడా కొత్తగా లాగిన్ కాలేరు. విద్యార్థి ఆదాయ ధ్రువపత్రం, రైతు దరఖాస్తు, వృద్ధుల పింఛను వివరాలు ఆ రోజుకు ఆగిపోతాయి. అందువలన ఈ క్రింది క్రమం పాటించడం శ్రేయస్కరం.

1. నిలుపుదలకు వ్రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. అందులో ఖాతా పేరు, కారణం, అమలులోనికి వచ్చే తేదీ, సమయం, పునరుద్ధరించే అధికారం ఎవరిదో స్పష్టంగా పేర్కొనాలి. అత్యవసర పరిస్థితిలో మౌఖిక ఆదేశంపై నిలిపినా, వెనువెంటనే ఉత్తర్వు జారీ కావాలి.

2. రిలీవింగ్ ఉత్తర్వు, పదవీ విరమణ ఉత్తర్వుల ప్రతిని నెట్‌వర్క్ నిర్వాహకునికి కూడా పంపాలి. ఛార్జి అప్పగింత జాబితాలో తాళాలు, స్టాంపులతో పాటు లాగిన్‌లను కూడా చేర్చాలి.

3. డేటాబేస్‌లో నమోదు చేసేవారు ఒకరు, సరిచూసేవారు మరొకరు అయి ఉండాలి.

4. నిలుపుదల గ్రూపు పనిచేస్తున్నదో లేదో ఒక పరీక్షా ఖాతాతో ముందుగా నిర్ధారించుకోవాలి. అనుమతి లభించవలసిన మరొక ఖాతా యథావిధిగా లాగిన్ అవుతున్నదో లేదో కూడా చూడాలి. ఇందుకు రాడ్‌టెస్ట్ అనే సాధనం ఫ్రీరేడియస్‌తోనే లభిస్తుంది. వైఫైకి, వి.పి.ఎన్.కు వేర్వేరుగా ఆయా పరికరాల ద్వారానే పరీక్షించాలి.

5. నడుస్తున్న సెషన్‌లు ఉన్నవేమో వినియోగ లెక్కల పట్టికలో చూసి, ఉన్నట్లయితే తెంచాలి.

6. నిలుపుదల గ్రూపులోని పేర్ల జాబితాను నిర్ణీత కాలానికి ఒకసారి సిబ్బంది జాబితాతో సరిపోల్చాలి. నిలిచి ఉండవలసిన వారు నిలిచి ఉన్నారా, పొరపాటున నిలిచిపోయిన వారెవరైనా ఉన్నారా అనేవి రెండూ పరిశీలించాలి.

నెట్‌వర్క్ లాగిన్, అప్లికేషన్ లాగిన్ వేర్వేరనే విషయం కూడా మరువరాదు. రేడియస్ డేటాబేస్‌లో నిలిపివేసిన వ్యక్తి కార్యాలయ నెట్‌వర్క్‌లోనికి రాలేరు గాని, ఇంటర్నెట్ ద్వారా నేరుగా తెరుచుకునే అప్లికేషన్‌లో ఆయనకు విడిగా లాగిన్ ఉన్నట్లయితే, తన సొంత మొబైల్ నుండి దానిని వాడగలరు. ఇ-మెయిల్, అప్లికేషన్లు, డిజిటల్ సంతకం అన్నింటికీ వేర్వేరుగా చర్య తీసుకున్నప్పుడే నిలుపుదల సంపూర్ణమవుతుంది.

పాత్రికేయులు గమనించవలసిన అంశాలు

లాగిన్ నిలిచిపోవడానికి సంబంధించిన వార్తలలో కొన్ని పదాలు ఒకదానికి బదులు మరొకటి వాడబడే అవకాశం ఉన్నది. ‘నిలుపుదల’ అంటే ఖాతా ఉన్నది, ప్రవేశం లేదు అని అర్థం. ‘తొలగింపు’ అంటే ఖాతాయే లేదని అర్థం. ‘సర్వర్ పనిచేయకపోవడం’ అంటే సమాధానమే రాకపోవడం. తిరస్కరణ వచ్చిందంటే సర్వర్ పనిచేస్తున్నదనే అర్థం. కార్యాలయంలో ఒక్కరికే తిరస్కరణ వచ్చినట్లయితే అది ఆ ఖాతాకు సంబంధించిన విషయం కావచ్చును. ఒకే కార్యాలయంలో అందరికీ ఒకేసారి వచ్చినట్లయితే గ్రూపు అమరికలో పొరపాటు జరిగి ఉండే అవకాశాన్ని పరిశీలించవలసి ఉంటుంది.

తిరస్కరణల సంఖ్య ఎక్కువగా ఉన్నంత మాత్రాన దానిని సైబర్ దాడిగా పేర్కొనరాదు. పాస్‌వర్డు మార్చుకున్న ఉద్యోగి మొబైల్ ఫోను పాత పాస్‌వర్డుతో వైఫైకి పదే పదే ప్రయత్నించినా తిరస్కరణలు గుట్టలుగా నమోదవుతాయి. అదే విధంగా, లెక్కల పట్టికలో ముగింపు సమయం లేని సెషన్ కనిపించినంత మాత్రాన ఆ వ్యక్తి ఇంకా లోపల ఉన్నట్లు కాదు. కరెంటు పోయి పరికరం ఆగిపోయినప్పుడు ముగింపు సమాచారం సర్వర్‌కు చేరకపోవచ్చును. ఒక ఉద్యోగి పేరు నిలుపుదల గ్రూపులో ఉండడం కూడా ఆయన తప్పు చేశారనడానికి ఆధారం కాదు. విరమణ, సెలవు, బదిలీ, విచారణ అన్నింటికీ ఒకే గ్రూపు వాడబడవచ్చును. కారణం తెలిపేది ఉత్తర్వు గాని డేటాబేస్ కాదు.

విడిచి వెళ్ళిన ఉద్యోగి లాగిన్ ఎప్పుడు నిలిపివేయబడినది, రిలీవింగ్ తేదీకి, ఆ తేదీకి మధ్య ఎన్ని రోజుల వ్యవధి ఉన్నది, ఆ వ్యవధిలో ఆ ఖాతా వాడబడినదా అనే 3 ప్రశ్నలకు ప్రతి కార్యాలయం వద్ద దస్త్రంతో కూడిన సమాధానం ఉండాలి. ఉత్తర్వులోని తేదీ, డేటాబేస్‌లోని నమోదు, సర్వర్ పంపిన తిరస్కరణ ఒకదానితో ఒకటి సరిపోయినప్పుడే ఆ నిలుపుదల అమలు జరిగినట్లు భావించవలసి ఉంటుంది.